ఎల్లిపాయల గుంట

సదయ్య ముప్పై నాలుగేండ్లు బొగ్గు బాయి దిగిండు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండ దుంగలు నిలబెట్టే పని ఆయనది. రిటైరై పైకొచ్చేటాలకు ఛాతి నిండ దుమ్ము, ఒంట్ల షుగరు మిగిలినయి. గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, భార్య పోశవ్వను తోలుకొని సొంతూరికొచ్చిండు. కాలువ కింద ఎకరంన్నర చవుడు పొలం ఉన్నది. వరి ఏస్తే జానెడు లేసి ఎర్రబడేది. ఆ పొలంల గుంట తవ్విచ్చి మంచినీళ్ల రొయ్యపిల్లలు పోస్తా అంటే ఊరంత నవ్వింది. పోశవ్వ నవ్వలేదు. మొగడు డ్యూటీకి పోయిన ప్రతిసారి ప్రమాదం సైరన్ మోగుతదేమోనని చెవులు రిక్కిచ్చి కూసున్న మనిషి ఆమె. ఆయన కండ్ల ముందట, ఎండల, గట్టు మీద కూసుంటే అదే పదివేలనుకున్నది.

ఇంట్ల ఉండేది ఇద్దరే. ఒక్కగానొక్క బిడ్డ రమను రామకృష్ణాపూర్‌ల ఇచ్చిండ్రు.

గుంటల పిల్లలు పోసెటందుకు పది దినాల ముందు ధరణి అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. జ్యోతినగర్‌ల పవర్‌ప్లాంటు ఇంజినీరు బిడ్డ. వాళ్లది కోస్తా. రొయ్యల జబ్బుల మీద పెద్ద చదువు చదువుతున్నది. ఇంగ్లీషు మందులు వాడకుండ మేతల ఎల్లిపాయ, జామాకు, పసుపు కలిపి పెడితే బ్యాక్టీరియా జబ్బులు ఎంతమటుకు ఆగుతయో ఆమెకు తెలుసుకోవాలె. అందుకు ఒక గుంట కావాలె.

"ముందే చెబుతున్నాను బాబాయ్ గారూ," అన్నది ధరణి. "ఇది మొదటి రోజు నుంచీ పెట్టాలి. రొయ్యకు బలం వస్తుంది, జబ్బును తట్టుకుంటుంది. జబ్బు ముదిరాక పెడితే నయమవుతుందని మాత్రం నేను చెప్పను. కొన్ని చస్తాయి కూడా. దానికి మీరు సిద్ధపడాలి."

"సమజైంది బిడ్డా. బాయిల దుంగ ముందుగాల నిలబెట్టాలె. కప్పు కూలినంక నిలబెడితే ఏం ఫాయిద?" అన్నడు సదయ్య. ఆ మాట ఆయనకే మస్తు నచ్చింది. అటెనుక గుంట కాడికి ఎవలొచ్చినా అదే చెప్పేది.

మేత కలిపే పని పోశవ్వది. పొద్దుగాల లేసి ఎల్లిపాయలు రోట్ల దంచేది. జామాకు ఉడికిచ్చి రసం వడగట్టేది. పసుపు కలిపి, కోడిగుడ్డు తెల్లసొనతోని మేతకు పట్టిచ్చి, నీడకు ఆరబెట్టేది. ఎంత సబ్బు రుద్దినా చేతుల వాసన పోయేది గాదు. బస్సుల పక్కసీటోళ్లు మొకం తిప్పుకునేటోళ్లు. ఊరోళ్లు దానికి ఎల్లిపాయల గుంట అని పేరు పెట్టిండ్రు. ఎక్కిరిచ్చెటందుకు పెట్టిన పేరే గని, సదయ్య దాన్నే రేకు మీద రాయిచ్చి గేటుకు తగిలిచ్చిండు. కింద ఇంకో ముక్క గూడ రాయిచ్చిండు: మందులు లేని రొయ్యలు.

మూడో నెల నడుస్తుంటె, సదయ్యను చూసి పక్క గట్టు మీద గుంట తవ్వుకున్న బుచ్చన్న రొయ్యలకు నల్లమచ్చ జబ్బు వచ్చింది. రొయ్య గుల్ల మీద సిగరెట్‌తోని కాల్చినట్టు మచ్చలు లేస్తయి, మీసాలు తెగిపోతయి, తోక కొసలు కొరికినట్టయితయి. బుచ్చన్నవి వారంల సగం పోయినయి. ఆ మర్నాడే పోశవ్వ చెక్ ట్రే లేపింది. మేత తింటున్నయో లేదో చూసెటందుకు నీళ్లల్ల దించే వల తట్ట అది. అందుల మేత అట్లనే ఉన్నది. పది రొయ్యలల్ల మూడింటికి మీసాలు లేవు.

ధరణి వచ్చి చూసింది. నీళ్లు మార్చాలె, సున్నం చల్లాలె, చచ్చినయి ఎప్పటియప్పుడు ఏరెయ్యాలె, ఎల్లిపాయ మేత ఆపొద్దు అన్నది. "వందలో ఇరవయ్యో ముప్పయ్యో పోతాయేమో. మిగతావి నిలబడతాయని నా నమ్మకం. ఓపిక పట్టాలమ్మా," అని పోశవ్వ చెయ్యి పట్టుకున్నది.

సదయ్య ఓపిక పట్టిండు. రోజూ నీళ్లల్లకు దిగి చచ్చిన రొయ్యలు ఏరి బకెట్ల ఏసి, పైకొచ్చి రొప్పుకుంట కూసునేటోడు. అన్నం సగంల లేసేటోడు. బాయిల తోటోడు కప్పు కింద పడి చచ్చిపోయిన దినాలల్ల అట్ల ఉండేటోడు. పోశవ్వ ఆ మొకం చూడలేకపోయింది. నాలుగోనాడు ఎల్లిపాయలు అయిపోయినయని చెప్పి పెద్దపల్లి బస్సెక్కింది.

పెద్దపల్లిల అచ్యుతరావుది రొయ్యలు చేపల దాణ దుకాణం. గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆమె చెప్పింది విని, లోపలికి పోయి ఇంగ్లీషు మందున్న తెల్ల డబ్బ ఒకటి తెచ్చిండు.

"దీన్ని పైన పెట్టి అమ్మను చెల్లెమ్మా, అమ్మకూడదు కూడాను. మా వైపు వాడనివాడు లేడు. మేతలో కలిపి అయిదు రోజులు పెట్టు. ఆరో రోజున నువ్వే ఫోన్ చేస్తావు."

"ఆయనకు తెల్వద్దు అన్నా."

"నేనెందుకు చెబుతాను? ఎల్లిపాయ వాసనలో దీని వాసన ఏపాటిది!"

అన్నట్టే ఐదు దినాలల్ల చావులు ఆగినయి. ట్రేల మేత ఖాళీ అయింది. సదయ్య కొత్త మీసాలు లేసిన రొయ్యను అరచేతిల పెట్టుకొని ఇంట్లకు ఉరికొచ్చిండు. ఇన్నేండ్ల కాపురంల ఆయన గట్ల ఉరుకుడు పోశవ్వ చూడలేదు. ధరణి నోటుబుక్కుల రాసుకున్నది. ఫోటోలు తీసుకున్నది. పోశవ్వను కావలిచ్చుకొని "మీ చేతి చలవే అమ్మా" అన్నది. చెప్పాలంటే అప్పుడు చెప్పాలె. రోలు కడగాలని పక్కకు పోయింది.

ఆ పంట తీసినంక ఎల్లిపాయల గుంట పేరు నాలుగూర్లకు పాకింది. ఆదివారాలు జ్యోతినగర్ క్వార్టర్ల నుంచి ఆఫీసర్లు కార్లల్ల వచ్చి, పిల్లలకు మందుల్లేని రొయ్యలు కావాలని కొనుక్కపోయేటోళ్లు. ధరణి వేరే రైతులను తోలుకొచ్చి చూపిచ్చేది. రెండో పంటకు బుచ్చన్న గూడ మందులు మానేసి ఎల్లిపాయ పట్టిండు. సదయ్యే దగ్గరుండి నేర్పిండు.

ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితె రెండు గుంటల నీళ్లు వణికేటివి. రొయ్యలు బెదిరి ఎగిరెగిరి పడేటివి. బెదిరిన రొయ్య మేత ముట్టది, నీరసపడ్డదాన్నే జబ్బు పట్టుకుంటది. రెండో పంట నాలుగో నెలల నల్లమచ్చ మళ్ల వచ్చింది. రెండు గుంటలకూ ఒక్క వారంలనే వచ్చింది. పోశవ్వ డబ్బ మూత తీసింది. ఒక్కొక్కసారి ఐదు దినాలు పెట్టేది, ఒక్కొక్కసారి మీసాలు నిలబడంగనే మూడు దినాలకే ఆపేది. మళ్ల మచ్చ కనబడితె మళ్ల పెట్టేది. మందు ఎనకటి లెక్క జల్ది పనిచేస్తలేదని అనిపిచ్చి మోతాదు పెంచింది. బుచ్చన్న కాడ డబ్బ లేదు. ఆయన గుంటల పొద్దుగాల లేసేసరికి రొయ్యలు వెల్లకిల తేలేటివి.

"నువ్వు దంచుడు సక్కగ దంచలేదురా," అన్నడు సదయ్య గట్టు మీద నిలబడి. "యాష్టపడి నడుమల ఇడిసిపెట్టినవు. మా పోశి చూడు, వేళ్లు పుండ్లయ్యేదాక దంచుతది."

బుచ్చన్న తల దించుకొని "నిజమే అన్నా" అన్నడు. పోశవ్వ ఆ పక్కనే ట్రే కడుగుతున్నది. కడిగిన ట్రేనే మళ్ల మళ్ల కడిగింది.

గుంట పోయినంక బుచ్చన్న ఓపెన్‌కాస్టు మట్టి లారీల కాడ కాంట్రాక్టు పనికి కుదిరిండు.

ఆ తర్వాత మూడో ఆదివారం. జ్యోతినగర్ నుంచి కార్లొచ్చినయి. సదయ్య వల విసిరి, పట్టిన రొయ్యలను చేత్తోని బుట్టలకు ఏస్తున్నడు. పెద్ద మగరొయ్య ఒకటి ఒక్కసారి విదిలిచ్చుకున్నది. దాని తల మీద రంపం లెక్క ఉండే కొమ్ము కుడిచేతి బొటనవేలి మొదట్ల దిగబడ్డది. ఆయన గుంజేసి, నెత్తురు నీళ్లల్ల కడుక్కొని, పసుపు అద్దుకొని పని చేసుకున్నడు. బాయిల ఇంతకంటె పెద్ద దెబ్బలు మస్తు తాకినయి.

సోమవారం చెయ్యి బూరె లెక్క ఉబ్బింది. మంగళవారం జ్వరం కాగి, బొటనవేలి చుట్టు నల్లటి బొబ్బలు లేసినయి. గోదావరిఖనిల డాక్టర్ చూసుడుతోనే ఆలస్యం చెయ్యొద్దు, కరీంనగర్ తీస్కపొండ్రి అన్నడు. బుచ్చన్నే డ్యూటీ ఎగ్గొట్టి ఆటో మాట్లాడి ఎక్కిచ్చిండు.

కరీంనగర్ దవాఖానల డాక్టర్ నెమ్మదస్తుడు. చెయ్యి ఒత్తి చూసి, చీము నమూనా పరీక్షకు పంపి, సెలైన్‌ల మందు ఎక్కిచ్చిండు.

"పరీక్ష ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రొయ్యల చెరువు అన్నారు కదా, అందులో ఏమైనా యాంటిబయాటిక్ మందులు వాడారా? జాగ్రత్తగా గుర్తుచేసుకొని చెప్పండి. దాన్నిబట్టి నేనిచ్చే మందు మారుతుంది."

సదయ్య జ్వరంల ఒణుకుతనే మెడ లేపిండు. "లేదు సార్. మాది ఎల్లిపాయల గుంట. జ్యోతినగర్ ఆఫీసర్లను అడుగుండ్రి. ఎల్లిపాయ, జామాకు, పసుపు. గంతే."

డాక్టర్ పోశవ్వ దిక్కు తిరిగిండు. "ఏమమ్మా?"

మంచం మీద మొగడు ఆమెనే చూస్తున్నడు. ఆ కండ్లల్ల జ్వరం ఉన్నది, నొప్పి ఉన్నది, దాని మీంచి గర్వం గూడ ఉన్నది.

"ఆయన చెప్పిందే సార్," అన్నది పోశవ్వ.

ఆ దినం పోయింది. మర్నాడు నలుపు మణికట్టు దాటింది. నర్సు పెన్నుతోని చర్మం మీద గీత గీసి, ఇది దాటుతదేమో చూస్తుండు అన్నది. పోశవ్వ స్టూలు మీద ఆ గీతనే చూసుకుంట కూసున్నది. లేసి చెప్తా అనుకున్నది. పరీక్ష ఎట్లాగు వస్తది గదా, అందులనే తేలుతది గదా అనుకున్నది. మందు ఎక్కుతనే ఉన్నది, గుణం జర లేటయితదేమో అనుకున్నది. తనకు తాను ఎన్ని చెప్పుకున్నా గీత మాత్రం దాటింది. మూడోనాడు పొద్దుగాల సదయ్య ఆమెను గుర్తుపట్టలేదు. "కప్పు మోగుతున్నది, బయటికి ఉరుకుండ్రిరా" అని బాయిల ఉన్నట్టే కలవరిచ్చిండు.

పోశవ్వ వరండలకు ఉరికి బిడ్డకు ఫోన్ చేసింది. రమ అప్పటికే ఊరికొచ్చి గుంట చూసుకుంటున్నది.

"దాణ రూముల సున్నం బస్తాల ఎనుక తెల్ల డబ్బ ఉంటది. దాని ఫోటో తీసి జల్ది పంపు."

జరసేపటికి రమ ఫోన్ చేసింది. "అమ్మా, ఇదేంది? రొయ్యలకు మందులెయ్యం అంటిరి గదా? అమ్మా?"

"పంపు బిడ్డా. అడగకు."

డాక్టర్ ఫోన్‌ల ఫోటోను పెద్దది చేసి చదివిండు. మొకం మాడింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు పంటల సంది."

"ఒకే మోతాదా?"

"మచ్చ కనబడితె ఏసిన. తగ్గంగనే ఆపిన. ఈ నడుమ పెంచిన."

"అమ్మా, మొదటి రోజు నుంచి ఆయనకు మేమెక్కిస్తున్నది ఈ జాతి మందే. రొయ్యకిచ్చేది వేరే పేరు, మనిషికిచ్చేది వేరే పేరు, అంతే తేడా. మీ చెరువులో ఈ మందుకు చచ్చే సూక్ష్మజీవి ఎప్పుడో చచ్చింది. చావనిది మిగిలి పెరిగింది. అదే ఈ చేతిలో ఉంది." ఆయన గొంతు పెంచలేదు. "నేను మొన్న అడిగాను కదమ్మా."

మందు మార్చిండు. మధ్యాహ్నం వచ్చిన పరీక్ష కాగితం గూడ అదే చెప్పింది. గని నలుపు అప్పటికి ముంజేతి సగానికి వచ్చింది, షుగరు దాన్ని ఆగనిస్తలేదు. సాయంత్రం మోచేతి కింద తీసేసిండ్రు. సంతకం పోశవ్వే పెట్టింది. మొన్ననే చెప్తే చెయ్యి దక్కేదా అని అడిగింది. "దక్కేదేమో, దక్కకపోయేదేమో. నేను చెప్పలేను," అన్నడు డాక్టర్. అవును అని అంటె ఒక్కసారి ఏడ్సి ఊకునేది. ఆ మాట ఆమెకు ఎటూ కాకుండ మిగిలింది.

ఐదు దినాలకు సదయ్య తెలివిల పడి, కట్టు కట్టిన మొండి చెయ్యిని చూసుకుంట అన్నడు: "నాకొక్కటి సమజైతలేదు పోశీ. మన గుంటల గింత విషమెట్ల పుట్టింది?"

ఆమె చెప్పింది. డబ్బ సంగతి, అచ్యుతరావు సంగతి, డాక్టర్ అడిగిన సంగతి, రెండు దినాలు నోరు మూసుకున్న సంగతి, ఏదీ విడిచిపెట్టకుండ చెప్పింది. అంత విన్నంక మొకం గోడ దిక్కు తిప్పుకున్నడు.

ఇంటికొచ్చినంక గూడ ఆమెతోని మాట్లాడలేదు. నీళ్లు కావాల్నంటె రమతోని చెప్పేటోడు. వారం తర్వాత గేటుకున్న రేకు ఎడమచేత్తోని పీకి, గడపల పడేసి, "ధరణికి ఫోన్ చెయ్యి" అన్నడు. దవాఖాన నుంచి వచ్చినంక పోశవ్వతోని అన్న మొదటి మాట అదే.

ధరణి వచ్చింది. చెప్పాల్సింది పోశవ్వే చెప్పాలె అన్నట్టు సదయ్య పక్కకు పోయి గట్టు మీద కూసున్నడు. విన్నసేపూ ధరణి నోటుబుక్కు ఒళ్లె పెట్టుకొని దాని అంచు గోకింది. ఆఖరుకు అన్నది: "ఈ గుంట చూపించి ఎనిమిది మంది రైతులకు చెప్పానమ్మా. మందు మానెయ్యండి, నిలబడతాయి, నేను కళ్లారా చూశాను అని." తిట్టలేదు. ఆ ఎనిమిది పేర్లు కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కల ఇంటికి పోయి నిజం చెప్పాలె అని లేసింది. పోతా పోతా, గుంట నీళ్లు కాలువల కలవనియ్యొద్దని గట్టిగ చెప్పింది.

గుంటల ఇంకా రొయ్యలున్నయి. మందు ప్రభావం పోయేదాక ఆగి అమ్ముకోవచ్చని ఎవలో అన్నరు. సదయ్య ఒప్పుకోలేదు. బుచ్చన్నను పిలిపిచ్చి, చేతులకు తోలు గ్లౌజులు తొడిగిచ్చి, మొత్తం పట్టిచ్చి వేరే గుంత తవ్వి అందుల సున్నమేసి పూడ్పిచ్చిండు. నీళ్లల్ల బ్లీచింగ్ చల్లి, ఎండకు నీరు ఇగిరిపోయి అడుగు పగుళ్లిచ్చేదాక ఒదిలేసిండ్రు.

గుంత పూడ్చినంక పోశవ్వ బుచ్చన్నకు గూడ చెప్పింది. అతను పార మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు.

"నేను దంచుడు తప్పు చేసిన్నని అన్న అన్నడు గదా వదినా. మా ఇంటిదాన్ని గూడ నేను అదే మాట అన్న. సక్కగ దంచలేదని కొట్టిన."

కూలి తీసుకోలేదు. పార కడిగి గోడకు ఆనిచ్చి పోయిండు. ఆ తర్వాత ఆ గట్టు మీదికి రాలేదు.

కార్లు రావుడు ఆగిపోయింది. ఎండకాలం పోయినంక అచ్యుతరావు ఫోన్ చేసిండు. "కొత్త సరుకు వచ్చింది చెల్లెమ్మా, పాతదానికి లొంగనివి కూడా దీనికి లొంగుతాయి." పోశవ్వ మాట మధ్యలనే ఫోన్ పెట్టేసింది.

వానలు పడంగనే సదయ్య మళ్ల పిల్లలు పోసిండు. ఎవలు వద్దన్నా వినలేదు. ధరణి గూడ మళ్ల వచ్చింది, కొత్త నోటుబుక్కుతోని. ఈసారి పోశవ్వ మేత కలిపేటప్పుడు సదయ్య ఎదురుంగ స్టూలు ఏసుకొని కూసునేటోడు. ఎల్లిపాయ రోట్ల పడ్డకాడి నుంచి మేత ఆరేదాక, ఆమె చేతులను చూసుకుంట కూసునేటోడు. ఆమె మందికి మొకం చూపియ్యలేని దినాలున్నయి, గని ఆ చూపు కింద కూసునుడే అన్నిటికంటె కష్టం. అయినా ఒక్కదినం గూడ ఆయన రాకముందు రోలు ముట్టలేదు.

మూడో నెలల నల్లమచ్చ వచ్చింది. ఇద్దరు గ్లౌజులేసుకొని చచ్చినవాటిని ఏరిండ్రు. ఆయన ఒంటి చేత్తోని, ఆమె రెండు చేతులతోని. పదిహేను దినాలు ప్రతి పొద్దు బకెట్టు నిండింది. పోశవ్వ అన్నం ముట్టక లేసిన పూటలున్నయి. మూడోవంతు పోయినయి. పదహారోనాడు బకెట్ల నాలుగే ఉన్నయి. ఆ మర్నాడు రెండు. ధరణి ట్రే లేపి, మేత ఖాళీ అయిందని చూసి, ఫోటో తీయలేదు, ఎవలనూ కావలిచ్చుకోలేదు. నోటుబుక్కుల రాసుకొని "ఇంకో నెల చూద్దాం" అని పోయింది.

ఒకనాడు పొద్దుగాల పోశవ్వ అన్ని సదిరిపెట్టుకొని కూసున్నది. స్టూలు ఖాళీగ ఉన్నది. ఎండ గోడ సగం దిగింది. ఆయన రాలేదు. లోపలికి తొంగి చూస్తె మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకొని ఉన్నడు. నిద్రపోతలేడు, దగ్గు ఆపుకుంటున్నడు. పానం బాగలేక రాలేదో, రాబుద్ధి కాక రాలేదో ఆమెకు తెల్వలేదు. అడిగే ధైర్యం లేదు. ఇంకొంచెంసేపు చూసి, ఒక్కతే దంచింది, ఒక్కతే కలిపింది.

మేత ఆరినంక తట్ట నడుముకు పెట్టుకొని గడపల నిలబడ్డది.

"ఎల్లిపాయ అరకిలో. జామాకు రసం చెంబెడు. పసుపు. గుడ్లు నాలుగు. ఇంకేం కలపలే."

సదయ్య తిరగలేదు. దగ్గు తెరిపిచ్చినంక అన్నడు:

"పోయి చల్లిరా. ఎండ ముదిరితె తినయి."

ఆమె గట్టు దిక్కు నడిసింది.